తుప్ప కొట్టిన చేతులు: పోడు పనిముట్ల చరిత్ర

పోయిన ఏడాది సంతలో మా పాత విద్యార్థి ఒకడు కలిశాడు. వాళ్ల నాన్న పేరున కొండవాలులో రెండెకరాల పైచిలుకు భూమికి అటవీ హక్కు పట్టా ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు వచ్చి నాలుగేళ్లుగా అటు వెళ్లలేదు. వీడు పట్నంలో పని చేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు అక్కడ మనిషెత్తు తుప్పలు. కొంత ముళ్ల కంప, కొంత కొయ్యల నుంచి లేచిన అడవి మొక్కలు, మధ్యలో రాళ్లు, నాలుగు జీడిమామిడి చెట్లు.

"మాస్టారూ, ఏ మిషను కొనమంటారు?" అని అడిగాడు.

వాడి ముందు మూడు దారులున్నాయి. ఒకటి, మండలంలో దుకాణంలో దొరికే బ్రష్ కట్టర్ కొనడం. రెండు, గంటల లెక్కన జేసీబీ పిలవడం. మూడు, కింది ఊరి వ్యాపారి ఒకాయన చెప్పిన మాట వినడం: "జేసీబీ ఖర్చు నాది, నువ్వు రూపాయి పెట్టొద్దు. ఐదేళ్లు పంట నేను వేసుకుంటాను." ఇంట్లో గోడకు ఆనించి ఉన్న గొడ్డలి, గడ్డపార సంగతి వాడు అసలు లెక్కలోకే తీసుకోలేదు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అది మిషను గురించిన ప్రశ్న మాత్రమే కాదు. మన తాతముత్తాతలు ఏ పనిముట్టుతో అడవిని కొట్టారు, ఎక్కడ ఆపారు, ఆ పనిముట్టును సర్కారు ఎలా చూసింది, ఆ కొట్లాటలో భూమి ఎలా చేతులు మారింది అనే చరిత్ర అంతా దాని వెనక ఉంది. ఆ రోజు వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. పట్టా చేతికొచ్చిన యువకులకు, వాళ్లకు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఇది పనికొస్తుందని నా ఆశ.

గొడ్డలి, తవ్వుకర్ర

తూర్పు కనుమల్లో కొండరెడ్లు, సవరలు, కోదులు, ఆదిలాబాదు కొండల్లో కొలాములు, నాయకపోడులు తరతరాలుగా పోడు చేశారు. పోడుకు పెద్ద సామాను అక్కర్లేదు. చెట్టు కొమ్మలు కొట్టడానికి గొడ్డలి, తుప్పలు, తీగలు కోయడానికి కత్తి, విత్తు పెట్టే గుంతకు ఇనుప మొన బిగించిన తవ్వుకర్ర, కలుపు తీయడానికి చిన్న పార లేదా బొరిగె. కొండవాలులో నాగలి తిరగదు. తిరిగినా మట్టి వానకు జారిపోతుంది. అందుకే నాగలి లేకపోవడం మనవాళ్ల తెలివి తక్కువతనం కాదు. ఆ వాలుకు తగిన పని అది.

1940ల్లో హైదరాబాదు రాజ్యంలో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ సంగతిని దగ్గర నుంచి చూశాడు. పాపికొండల వైపు కొండరెడ్ల మీద, చెంచుల మీద, ఆదిలాబాదు రాజగోండుల మీద ఆయన వేర్వేరు పుస్తకాలు రాశాడు. చదునైన నల్లరేగడిలో గోండులు ఎడ్లతో నాగలి దున్నేవాళ్లు. అదే జిల్లా కొండల మీద కొలాములు చేతి పనిముట్లతో పోడు చేసేవాళ్లు. భూమి వాలు మారితే పనిముట్టు మారింది.

పోడు కొట్టే పద్ధతి మన ఊళ్లలో పెద్దలకు ఇప్పటికీ తెలుసు. చలికాలం చివర తుప్పలు, చిన్న చెట్లు కొడతారు. ఎండలో ఆరనిస్తారు. తొలకరికి ముందు కాలుస్తారు. వాన పడగానే బూడిద చల్లారిన నేలలో సామలు, కొర్రలు, చోళ్లు, జొన్న, కంది కలిపి వేస్తారు. రెండు మూడు పంటలయ్యాక ఆ చెక్క వదిలేసి ఇంకో చోటుకు వెళ్తారు. వదిలిన చోట అడవి మళ్లీ లేస్తుంది. కొన్నేళ్ల తరువాత తిరిగి అక్కడికే వస్తారు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. మన పెద్దలు చెట్టును నేలమట్టంగా కొట్టలేదు, వేరు పెకలించలేదు. మోకాలెత్తునో నడుమెత్తునో కొట్టి మొద్దు వదిలేవారు. ఆ మొద్దు చావదు. పంట నడుస్తున్నప్పుడు దాని వేళ్లు మట్టిని పట్టుకుని ఉంటాయి. వదిలేసిన ఏడాది దాని నుంచే చిగుళ్లు లేస్తాయి. విత్తనం నుంచి అడవి పెరగాలంటే పట్టే కాలం కంటే మొద్దు నుంచి పెరగడానికి పట్టే కాలం చాలా తక్కువ. ఇప్ప, చింత, పనస, మామిడి, జీలుగు చెట్లయితే గొడ్డలి తగిలించేవారే కాదు. అవి పోడులో నిలబడే ఉండేవి. ఇప్పపువ్వు తిండి, చింతపండు సంత సరుకు, జీలుగు కల్లు పండుగకు కావాలి. అంటే గొడ్డలి చేతిలో ఉన్నవాడికి ఏది కొట్టాలో తెలిసినంత గట్టిగా ఏది కొట్టకూడదో కూడా తెలుసు.

అన్నిచోట్లా ఒకే పోడు కూడా కాదు. గోదావరి ఏజెన్సీలో రెండు మాటలు వాడుకలో ఉండేవి. కొండవాలులో చేసేది కొండపోడు. కింద చదునులో, తెలిసిన చెక్కల్లో కొన్నేళ్లకోసారి మార్చి మార్చి చేసేది చలక పోడు. శ్రీకాకుళం, గంజాం కొండల్లో సవరలు మూడో దారి కూడా కనిపెట్టారు. గెడ్డల పక్కన వాలును మెట్లు మెట్లుగా చెక్కి, రాతి కట్టలు పేర్చి, నీరు ఒక మడి నుంచి ఇంకో మడికి దిగేలా వరి పండించారు. అక్కడ తుప్ప ఒకసారి వేరుతో సహా తీసేశారు, కానీ తీసిన చోట రాతికట్ట పెట్టారు. వేరు తీసేస్తే మట్టిని పట్టుకునేది ఇంకొకటి ఉండాలని వాళ్లకు తెలుసు.

గొడ్డలి మీద కేసు

బ్రిటిషు వాళ్లకు అడవి కలప గిడ్డంగి. ఓడలకు, రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు, కట్టడాలకు దుంగలు కావాలి. పోడు వాళ్ల కంటికి కలప వృథా చేసే అలవాటుగానే కనిపించింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీసిన చోట నేల కొట్టడం, కాల్చడం, పశువులు మేపడం నేరమయ్యాయి. ఆ చట్టం మనిషిని మాత్రమే పట్టుకోలేదు. నేరానికి వాడిన పనిముట్లను, పశువులను కూడా పట్టుకునే అధికారం ఇచ్చింది. స్వాతంత్ర్యం తరువాత వచ్చిన 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలో కూడా ఆ అధికారం అలాగే ఉంది.

దీని అర్థం పల్లెలో ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒక ఇంటికి ఒకే గొడ్డలి. అదే వంటచెరకుకు, అదే ఇంటి దూలానికి, అదే పోడుకు, అదే అడవిలో జంతువు ఎదురైతే ప్రాణానికి. గొడ్డలి జప్తు అయితే ఆ ఇంటికి ఆ ఏడాది పంట లేనట్టే. దాన్ని విడిపించుకోవడానికి జరిమానా, ఆ జరిమానాకు షావుకారు దగ్గర అప్పు, ఆ అప్పుకు పంట. పనిముట్టు నుంచి అప్పు, అప్పు నుంచి భూమి. ఈ మెట్లన్నీ మన ప్రాంతాల్లో చాలా కుటుంబాలు దిగాయి.

చట్టానికి ముందే కొండలు ఒకసారి మండాయి. 1879లో రంపలో జరిగిన తిరుగుబాటుకు కల్లు మీద పన్ను, మున్సబుదారు దోపిడి, బయటి వ్యాపారుల అప్పుల కాగితాలు కారణాలు. దాన్ని అణచడానికి సర్కారుకు ఏడాదికి పైగా పట్టింది. ఆ తరువాత వచ్చిన అటవీ చట్టం ఆ గాయం మీద ఇంకో దెబ్బ.

1922 నాటికి గూడెం కొండల్లో వింత పరిస్థితి. పోడు కోసం సొంతానికి తుప్ప కొడితే నేరం. కానీ నర్సీపట్నం నుంచి పైకి, లంబసింగి, చింతపల్లి వైపు రోడ్డు వేయడానికి అదే అడవిని అదే చేతులు కొట్టాలి. సరైన కూలి లేదు, ఎదురు మాట్లాడితే దెబ్బలు. తన తిండికి కొట్టకూడని తుప్పను సర్కారు బండి నడవడానికి కొట్టమన్నారు. అల్లూరి సీతారామరాజుతో గాం గంటందొర, మల్లుదొర, ఎందరో కొండవాళ్లు కలిసి నడవడానికి ఈ కడుపుమంట పెద్ద కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులు చేసి తుపాకులు పట్టుకుపోయారు. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. మన బడి పుస్తకాల్లో దాడుల తేదీలు ఉంటాయి. రోడ్డు పనిలో తుప్ప కొట్టినవాళ్ల సంగతి ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఉపాధ్యాయులు ఆ వాక్యం దగ్గర కాస్త ఆగి చెప్పాలని కోరుతున్నాను.

నిజాం రాజ్యంలోనూ అంతే. ఆదిలాబాదులో అడవి గీతలు గీసి, గీత లోపల పడ్డ గూడేలను ఖాళీ చేయించారు. కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగింది నీళ్లు, అడవి, భూమి మాదే అన్నందుకే. ఆ ఘటన తరువాత నిజాం ప్రభుత్వం కళ్లు తెరిచి హైమెండార్ఫ్‌ను అక్కడి పరిస్థితి చూడమంది. ఆ తరువాత కొన్నేళ్లలో వేలాది ఆదివాసీ కుటుంబాలకు భూమి పట్టాలు దక్కాయి.

విశ్రాంతి తగ్గింది, తుప్ప మారింది

అడవి గీతల వల్ల ఇంకో నష్టం జరిగింది. అది తుపాకీ దెబ్బలా కనబడదు. పోడు నిలబడేది విశ్రాంతి మీద. వదిలిన చెక్కకు చాలినన్ని ఏళ్లు దొరికితే మొద్దులు చెట్లవుతాయి, ఆకు రాలి మట్టి అవుతుంది, మళ్లీ కొడితే బూడిద బలంగా ఉంటుంది. తిరగడానికి ఉన్న జాగా సగమై, మనుషులు పెరిగితే అదే చెక్కకు త్వరగా తిరిగి రావాలి. మొద్దు మళ్లీ మళ్లీ కోతకు, మంటకు గురై చివరకు చస్తుంది. పోడు అడవిని పాడు చేస్తుంది అని అధికారులు రాసిన మాటలో ఆ మేరకు నిజం ఉంది. అయితే విశ్రాంతిని తగ్గించింది ఎవరు అన్న ప్రశ్న వాళ్లు వేసుకోలేదు.

మొద్దు చచ్చిన చోట ఖాళీ ఉండదు. వేరేది వస్తుంది. ఇప్పుడు మన కొండవాలుల్లో ఎక్కువగా కనబడే రంగురంగుల చిన్న పూల ముళ్ల తుప్ప లంటానా. కొన్నిచోట్ల పులికంప అంటారు. అది మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండపు వేడి ప్రాంతాలది. 1800ల మొదట్లో కలకత్తా తోటకు పూల అందం కోసం, కంచె కోసం తెచ్చారు. అక్కడి నుంచి పక్షులు దాని పళ్లు తిని గింజలు చల్లుకుంటూ దేశమంతా పాకించాయి. మేకలు, పశువులు దాన్ని తింటే జబ్బు చేస్తాయి కాబట్టి మేపుతో తగ్గదు. దాని గుబురు కింద వేరే మొలక లేవదు.

పాత పోడు పద్ధతి దీని దగ్గర తిరగబడుతుంది. మన చెట్ల మొద్దు చిగురించడం మనకు వరం. లంటానా మొదలు చిగురించడం శాపం. కత్తితో పైన కోస్తే ఒక కొమ్మ చోట నాలుగు లేస్తాయి. కాలిస్తే పైభాగం పోయి మళ్లీ మొదటి నుంచి వస్తుంది, పక్కన ఉన్న మన మొక్కలు మాత్రం చస్తాయి. తాత నేర్పిన గొడ్డలి దెబ్బ ఒక్కటే చాలదని ఇక్కడ ఒప్పుకోవాలి. తాత నేర్పిన ప్రశ్న మాత్రం పనికొస్తుంది: కొట్టిన తరువాత ఇక్కడ ఏది తిరిగి లేవాలి?

పట్టా తెచ్చిన మార్పు

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమి మీద, కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు, అంటే సుమారు పదెకరాల వరకు, ఆదివాసీల హక్కును గుర్తించమంది. గ్రామసభకు మొదటి మాట ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ, తెలంగాణలో 2023లోనూ పెద్ద ఎత్తున పట్టాలు పంచారు. అడిగినవాళ్లందరికీ వచ్చాయని కాదు. వచ్చినవాళ్లకు మాత్రం ఒక కొత్త పరిస్థితి ఏర్పడింది.

పాత పోడులో భూమి కదులుతుంది, మనిషి వెంట కదులుతాడు. పట్టా భూమి కదలదు. వాలు జారిపోతే, మట్టి కొట్టుకుపోతే, ఇంకో చోటుకు వెళ్లే దారి లేదు. ఆ రెండెకరాలే మనకు, మన పిల్లలకు. కాబట్టి తుప్ప కొట్టే పని పాత రోజుల కంటే ఇప్పుడు ఇంకా జాగ్రత్తగా చేయాలి. పాత పోడులో తప్పు చేస్తే అడవి సరిదిద్దేది. ఇప్పుడు తప్పు చేస్తే సరిదిద్దేవాళ్లు లేరు.

ఏ పనిముట్టు ఎక్కడ

ఇక నా విద్యార్థి ప్రశ్నకు వస్తాను. దుకాణానికి వెళ్లే ముందు ఒక పూట పొలం అంతా నడవాలి. చేతిలో కత్తి, సున్నం లేదా రంగు గుడ్డ పీలికలు ఉండాలి. ఉంచాల్సిన ప్రతి చెట్టుకు, ప్రతి మంచి మొద్దుకు గుర్తు పెట్టాలి. మన పెద్దలకు ఈ గుర్తులు కంట్లోనే ఉండేవి. మిషను పట్టిన కూలివాడి కంట్లో ఉండవు. ఆ తరువాత నేలను మూడు నాలుగు ముక్కలుగా చూడాలి.

గడ్డి, లేత కలుపు ఉన్న చోట, జీడిమామిడి చెట్ల కింద గింజ ఏరుకోవడానికి శుభ్రం చేయాల్సిన చోట, కాఫీ తోట వరుసల మధ్య బ్రష్ కట్టర్ బాగా పని చేస్తుంది. గడ్డికి నైలాన్ తాడు, వేలు లావు కాడలకు మూడు పళ్ల బ్లేడు, అంతకంటే కాస్త లావు కొయ్యకు రంపపు పళ్ల గుండ్రని బ్లేడు వాడతారు. చెయ్యి లావు దాటిన కొయ్యకు మిషను పెట్టకూడదు. బ్లేడు గట్టి కొయ్యకు, రాయికి తగిలితే మిషను ఒక్కసారిగా పక్కకు తంతుంది, రాయి తుపాకీ గుండులా ఎగురుతుంది. నడుపుతున్నవాడికి పదిహేను మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. పిల్లలు, మేకలు అసలు వద్దు. కళ్లద్దాలు, బూట్లు లేకుండా చెప్పులతో నడపడం మన దగ్గర మామూలైపోయింది. కన్ను పోతే ఏ పట్టా తిరిగి తేదు. ఎక్కువ మిషన్లు పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే రకం. ఆ పాళ్లు పుస్తకంలో రాసినట్టే కలపాలి. కొనే ముందు అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది: బ్లేడు, తాడు, ప్లగ్గు మన సంతకు దగ్గరలో దొరుకుతాయా, బాగు చేసేవాడు ఉన్నాడా? లేకపోతే రెండో ఏడాదికి అది ఇంట్లో మూల ఉంటుంది.

లంటానా ఉన్న చోట బ్రష్ కట్టర్ ఒక్కటే పెట్టుకుంటే డబ్బు, పెట్రోలు దండగ. పైన కోసింది వానలకు రెట్టింపై వస్తుంది. దానికి గడ్డపార, గుద్దలి, చిన్న గొడ్డలి కావాలి. ముందు పంగలకర్రతో కంపను పక్కకు నొక్కిపట్టి కొమ్మలు తగ్గించాలి. తరువాత మొదలు చుట్టూ మట్టి తోడి, నేల మట్టానికి రెండు మూడు వేళ్ల లోతున తల్లివేరును నరకాలి. చిగుళ్లు వచ్చే భాగం ఆ పైనే ఉంటుంది. నరికిన మొదలును వేళ్లు పైకి ఉండేలా తలకిందులుగా పెట్టాలి, మట్టి తగిలితే మళ్లీ పట్టుకుంటుంది. వానలు పడి నేల మెత్తబడ్డాక, పళ్లు రాకముందు చేస్తే పని సులువు, గింజ రాలదు. పక్షులు వాలే చెట్ల కింద మొలకలు మళ్లీ వస్తాయి. రెండు మూడేళ్లు చేత్తో పీకుతూ ఉండాలి. ఖాళీ అయిన చోట వెంటనే కంది, అలసంద, పశుగ్రాసం లాంటిది వేయకపోతే అది మళ్లీ ఆ జాగా తీసుకుంటుంది.

మన అడవి చెట్ల మొద్దుల నుంచి లేచిన తుప్పకు కత్తి, గొడ్డలి చాలు. ఒక్కో మొద్దుకు ఒకటి రెండు మంచి చిగుళ్లు ఉంచి మిగిలినవి కోస్తే కొన్నేళ్లకు అవే చెట్లు. వంటచెరకు, ఆకు, నీడ వాటి నుంచే.

కొండవాలులో జేసీబీ దింపడం నాకు ఇష్టం లేదు. కారణం పాతకాలం మీద మోజు కాదు. అది తుప్పతో పాటు పైమట్టిని కూడా తీసి ఒక పక్కకు నెడుతుంది. వేళ్లన్నీ ఒకేసారి పోతాయి. మొదటి పెద్ద వానకు ఆ మట్టి గెడ్డలో ఉంటుంది. చదును చెక్కలో, పెద్ద రాళ్లు తీయడానికి, సవరల మెట్ల పద్ధతిలో కట్టలు వేసుకునేటప్పుడు కొన్ని గంటలు దాని సాయం తీసుకోవడం వేరే సంగతి. వాలులో ఏ పనిముట్టు వాడినా ఒకేసారి మొత్తం బోడి చేయవద్దు. వాలుకు అడ్డంగా కొన్ని పట్టీలు తుప్పతోనే వదలాలి. కొట్టిన కంపను కాల్చకుండా ఆ పట్టీల వెంట అడ్డంగా పేరిస్తే మట్టి అక్కడ ఆగుతుంది.

పని ఎవరిది అన్నది కూడా చూడాలి. మన ఇళ్లలో చెట్టు కొట్టడం మగవాళ్ల పని అయితే, కలుపు, వేరు తవ్వడం, కంప మోయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. మిషను వచ్చిన ఇళ్లలో మగవాడి పని మూడు రోజుల నుంచి ఒక రోజుకు తగ్గింది. వేరు తవ్వే అమ్మ పని తగ్గలేదు. అందుకే డబ్బు ఉంటే ముందు మంచి ఉక్కు గుద్దలి, తేలికైన బొరిగె, చేతికి తొడుగులు కొనండి. మిషను ఒక్క ఇంటికి కాకుండా నాలుగైదు ఇళ్లు కలిసి కొంటే ఖర్చు తేలిక. పోడు రోజుల్లో ఇంటికొకరు వచ్చి ఒకరి చెక్క తరువాత ఒకరిది కొట్టిన అలవాటు మనకు ఉన్నదే.

ఉచితంగా వచ్చే జేసీబీ

ఆ మూడో దారి గురించి చివరగా చెబుతాను. అదే అన్నిటికంటే ప్రమాదం. "ఖర్చు నాది, ఐదేళ్లు పంట నాది" అంటే చట్టం భాషలో కౌలు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని గట్టి చేశారు. మనం 1/70 అంటాం. అందులో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి అన్నీ లెక్కే. అటవీ హక్కు పట్టా అయితే వారసులకు వస్తుంది తప్ప ఎవరికీ బదిలీ చేయడానికి లేదు. ఆ హక్కు ఇచ్చింది మన సొంత సాగుకు, నివాసానికి. ఆ మాటకు ఒప్పుకున్న రోజు నుంచి భూమి మీద కనబడేది వాడి మనిషి, వాడి పంట. రేపు ఎవరైనా వచ్చి ఇక్కడ సాగు చేస్తున్నది ఎవరు అని అడిగితే ఊరు ఏం చెబుతుంది?

పైగా కొండ మీద జేసీబీ చప్పుడు అయితే అడవి శాఖ వాళ్లు వస్తారు. హద్దు ఒక గజం దాటినా, పెద్ద చెట్టు ఒకటి కూలినా, కేసు వ్యాపారి మీద కాకుండా పట్టాదారు మీద పడే అవకాశమే ఎక్కువ. 1882 నాటి చట్టం గొడ్డలిని పట్టుకుంది. ఇప్పుడు పట్టుకునేది మిషనును. మిషను సొంతదారు దాన్ని విడిపించుకోగలడు. మనకు మిగిలేది కేసు. అందుకే ఏ పనిముట్టు వాడినా ముందు పట్టా నకలు, హద్దుల పటం దగ్గర పెట్టుకోవాలి. గ్రామసభలో చెప్పి, తీర్మానం పుస్తకంలో రాయించుకోవాలి. పెద్ద చెట్టు కొట్టాలంటే అనుమతి అడగాలి. నిప్పు పెట్టాల్సి వస్తే చుట్టూ శుభ్రమైన గీత తీసి, గాలి లేని పూట, పక్కన మనుషులను ఉంచుకుని పెట్టాలి. అడవిని, నీటి ఊటలను కాపాడే అధికారాన్ని అదే 2006 చట్టం హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారం మనం వాడితేనే మనది.

ఉపాధ్యాయులకు ఒక చిన్న మనవి. పిల్లలను తమ ఇళ్లలోని పనిముట్లన్నీ జాబితా రాయమనండి. కువి, సవర, కోయ, గోండి, ఆదివాసీ ఒడియా, ఏ ఇంటి భాషలో ఉన్న పేరు ఆ భాషలోనే, తెలుగు లిపిలో రాయమనండి. ఎవరు చేశారు, ఏ కొయ్య పిడి, ఏ పనికి, ఎవరు వాడతారు అని నాలుగు గడులు చాలు. తరువాత ఇంట్లో ముసలివాళ్లను ఒక్క ప్రశ్న అడగమనండి: పోడు కొట్టినప్పుడు ఏ చెట్టు వదిలేవారు, ఎందుకు? ఆ జవాబులు రాసిన నోటుపుస్తకం మన ఊరి చరిత్ర పుస్తకం అవుతుంది.

నా విద్యార్థి వ్యాపారికి వద్దని చెప్పాడు. బ్రష్ కట్టర్‌ను పక్క మూడు ఇళ్లవాళ్లతో కలిసి కొన్నాడు. జీడిమామిడి కింద దానితో కోశాడు. కంప ఉన్న పక్కకు మాత్రం గడ్డపార పట్టుకుని అమ్మతో కలిసి వెళ్లాడు. మొదటి ఏడాది అర ఎకరమే తేలింది. వాళ్ల నాన్న కర్ర ఊతంగా అక్కడిదాకా నడిచి వచ్చి, ఒక ఇప్ప మొద్దు చుట్టూ వాడు కట్టిన ఎర్ర గుడ్డ పీలిక చూసి, "దీన్ని కొట్టకు, మీ తాత కూడా కొట్టలేదు" అన్నాడట.